డ్రిప్ యాప్: 28 రోజుల లెక్కకు లొంగని నెలసరి డైరీ

‘డేట్ వచ్చిందా’ అని అడుగుతాం, ‘నెలసరి’ అంటాం. మన మాటల్లోనే క్యాలెండర్ ఉంది. చాలా పీరియడ్ యాప్‌లూ అక్కడే మొదలవుతాయి: చక్రం 28 రోజులు, 14వ రోజున అండం విడుదల. కానీ పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజుల దాకా చక్రం మామూలే. అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాలు పడుతుంది, అది పెద్దగా మారదు. సాగేదీ కుదించుకునేదీ ముందు సగమే. 35 రోజుల చక్రమైతే అండం 21వ రోజు దగ్గర్లో విడుదలవుతుంది. అక్కడ 14వ రోజు లెక్క ఏడు రోజులు తప్పుతుంది.

సగటుకు ‘ప్రకృతి’ అని పేరుపెట్టి, దానికి సరిపడని ఒంటిని లోపంగా చూడటాన్నే స్త్రీవాదులు ఎప్పటినుంచో తప్పుపడుతున్నారు. వైద్య పాఠ్యపుస్తకాలు ఋతుస్రావాన్ని విఫలమైన ఉత్పత్తిలా వర్ణిస్తున్నాయని మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ 1987లోనే చూపించారు. ఆమె అన్నది హార్మోన్లు అబద్ధమని కాదు. వాటి గురించి చెప్పే కథలో ఎవరి చూపు ఉందో చూడమని.

బెర్లిన్‌లో తయారైన ‘డ్రిప్’ ఈ ఆలోచనను పనిలో పెట్టింది. ఉచితం, ఓపెన్ సోర్స్ (అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు). గులాబీ రంగులు లేవు. ఎంటర్ చేసిందంతా ఫోన్లోనే ఉంటుంది. ఒక పెద్ద పీరియడ్ యాప్ వాడేవాళ్ల ఆరోగ్య సమాచారాన్ని బయటి కంపెనీలకు ఇచ్చిందని 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టి ఒప్పందం రాయించుకుంది. ఆ సంగతి తెలిసినవాళ్లకు డేటా ఫోన్ దాటకపోవడం చిన్న విషయం కాదు.

దీని అసలు బలం సింప్టోథర్మల్ పద్ధతి, అంటే ఒంటి ఉష్ణోగ్రతనూ యోని స్రావాన్నీ కలిపి చూసి అండం విడుదలైందో లేదో గుర్తించడం. పొద్దున కళ్లు తెరవగానే, మంచం దిగకముందే ఉష్ణోగ్రత చూడాలి. పాయింటు తర్వాత రెండు అంకెలు చూపే థర్మామీటరు కావాలి. జ్వరానికి వాడే మామూలు రకం ఇక్కడ చాలదు, ఎందుకంటే పట్టుకోవాల్సిన తేడా 0.2 డిగ్రీల సెల్సియసే. నోట్లో పెడితే చక్రమంతా నోట్లోనే పెట్టాలి. లేచి పొయ్యి వెలిగించి వచ్చి చూసిన అంకె పనికిరాదు. నిద్ర చాలకపోయినా, జ్వరమున్నా, నైట్ డ్యూటీ చేసినా ఆ రోజు అంకెను లెక్కలోంచి తీసేసే మీట యాప్‌లో ఉంది, దాన్ని వాడండి.

అండం విడుదలైందని తేలాలంటే ఉష్ణోగ్రత వరుసగా మూడు రోజులు, అంతకుముందు ఆరు రోజుల అంకెలన్నిటికన్నా ఎక్కువ రావాలి. ఆ ఆరింటిలో పెద్దది 36.45 అయితే, మూడో రోజు కనీసం 36.65 ఉండాలి. అంత రాకపోతే నాలుగో రోజూ 36.45 దాటిందో లేదో చూడాలి. దీనితోపాటు యోని స్రావాన్నీ గమనించాలి: తాకితే పొడిగా ఉందా, తడిగా ఉందా, జారుతోందా, చూస్తే మీగడలా ఉందా, కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతోందా. బాగా సాగే చివరి రోజు తర్వాత మూడు రోజులు గడవాలి. చక్రం మొదట్లోని కొన్ని రోజులు వదిలేస్తే, రెండు గుర్తులూ కలిసేదాకా యాప్ ‘గర్భం రావచ్చు’ అనే చూపిస్తుంది. ఎందుకు అలా అందో గ్రాఫులో గీత గీసి చూపిస్తుంది. ఒంటిని చదవడం మనకే నేర్పే ఈ తీరు నాకు చాలా నచ్చింది.

కొన్ని ఇబ్బందులున్నాయి. తెలుగులో లేదు. తర్వాతి నెలసరి అంచనా కావాలంటే కనీసం మూడు చక్రాలు నింపాలి. హార్మోన్ గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారికి అండం విడుదల గ్రాఫు అర్థం లేనిది, ఎందుకంటే చాలా రకాల మాత్రలు ఆ విడుదలనే ఆపుతాయి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల క్రమం తప్పే సమస్య) ఉంటే తెల్లసొన స్రావం పలుమార్లు వచ్చి పోవచ్చు, ఉష్ణోగ్రత మాత్రం పెరగకపోవచ్చు. అప్పుడు యాప్ తేల్చి చెప్పదు, అదే సరైన పని. గర్భనిరోధానికి దీన్నే నమ్ముకోవాలనుకుంటే ముందు ఈ పద్ధతి బాగా తెలిసినవారి దగ్గర కొన్ని చక్రాలు నేర్చుకోండి.

పాస్‌వర్డ్ మరిచిపోతే డేటా అంతా చెరిపేయడం తప్ప దారి లేదు, ఫోన్ పోయినా అంతే. నెలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్ లాంటివాటిలో తెరుచుకునే పట్టిక) దాచుకోండి. ఆ ఫైలుకు తాళం ఉండదు, కాబట్టి ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌లో పెట్టకండి.