జూనివర్స్ వాడి చూశాక: గెలాక్సీలు, జీబ్రాలు, పాత ఉత్తరాలు

పడుకునే ముందు ఫోన్‌లో ఏదో ఒక కొత్త విషయం వెతుక్కోవడం నాకు బాగా అలవాటు. ఒక పాత పెయింటింగ్ వెనక కథ, ఏదో తోకచుక్క ఫొటో, ఎక్కడో జరిగిన ఉద్యమం మీద నాలుగు పేరాలు. చదువుతున్నంత సేపూ బాగుంటాయి, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. జూనివర్స్ వెబ్‌సైట్‌లో చూసినవి మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే అక్కడ ఏ ఫొటో చూసినా అందులో ఏముందో నేనే చెప్పాలి.

పరిశోధకుల దగ్గర వాళ్లు ఒక జీవితకాలంలో చూడలేనన్ని ఫొటోలు, పాత కాగితాలు పోగుపడతాయి కదా, వాటిని మామూలు జనం చూసి గుర్తుపట్టి పెట్టే చోటు ఇది. డబ్బు కట్టక్కర్లేదు, ఏం చదువుకున్నారని ఎవరూ అడగరు. 2007లో గెలాక్సీ జూ అనే ఒక్క ప్రాజెక్టుతో మొదలైంది. దాదాపు పది లక్షల గెలాక్సీల ఫొటోలు పెట్టి, ఇది సుడి తిరిగి ఉందా, గుండ్రంగా ఉందా అని అడిగారు. ఏడాదిలో లక్షన్నర మందికి పైగా కలిసి 5 కోట్లకు పైగా జవాబులిచ్చారు! ఆ ఊపు చూశాకే 2009లో మిగతా రంగాలకూ కలిపి జూనివర్స్ పెట్టారు.

నాకు అన్నిటికంటే నచ్చింది సెరెంగెటి ప్రాజెక్టు. టాంజానియా గడ్డిమైదానాల్లో 225 కెమెరాలు చెట్లకు, స్తంభాలకు కట్టారు, ఏదైనా కదిలితే వాటంతటవే ఫొటో తీస్తాయి. గాలికి గడ్డి ఊగినా తీస్తాయి. అందుకే ఒకదాని తర్వాత ఒకటి వట్టి గడ్డే వస్తుంటుంది, విసుగొచ్చి ‘ఏమీ లేదు’ నొక్కబోతుంటే ఫొటో ఎడమ అంచున, కెమెరాకు మరీ దగ్గరగా, సగం చెవి కనిపిస్తుంది. చెవి లోపలి తెల్లటి వెంట్రుకలు, ఒక కొమ్ము మొదలు, అంతే. అది ఏ జింకో తేల్చడానికి పక్కనున్న పట్టికలో కొమ్ముల ఆకారాలు చూసుకుంటూ నేను పావుగంట కూర్చున్నాను.

తెలియనివాళ్లు చెప్పినదాన్ని నమ్మేదెలా అని నాకూ మొదట్లో టెన్షన్ ఉండేది. ఒకే ఫొటోను చాలామందికి చూపించి ఎక్కువమంది చెప్పినదాన్ని తీసుకుంటారు. సెరెంగెటి జవాబులను నిపుణుల జవాబులతో పోల్చితే జంతువు ఏదన్న విషయంలో దాదాపు 97 శాతం కలిశాయి. గెలాక్సీల దగ్గర ఇంకో చిత్రం జరిగింది. సుళ్లు ఎడమవైపు తిరిగేవే ఎక్కువని లెక్క తేలితే, విశ్వంలోనే ఏదో ఉందని సంబరపడకుండా, కొన్ని ఫొటోలను అద్దంలో బొమ్మలా తిప్పి మళ్లీ జనానికే చూపించారు. అప్పుడూ ఎడమవైపే ఎక్కువ వచ్చాయి. అంటే తేడా గెలాక్సీల్లో లేదు, మన చూపులో ఉంది. తమ పద్ధతిని తామే ఇలా పరీక్షకు పెట్టుకున్నారని తెలిశాక నా అనుమానం పోయింది.

హన్నీ వాన్ ఆర్కెల్ అనే డచ్ టీచర్ 2007లో ఇలాగే గెలాక్సీలు చూస్తూ, ఒకదాని కింద నీలం మరక లాంటిది ఉందేమిటని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి అది పక్క గెలాక్సీ నడిమధ్యన ఒకప్పుడు భగ్గున వెలిగి తర్వాత మందగించిన క్వేజార్ (పెద్ద బ్లాక్‌హోల్ చుట్టూ విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) కాంతికి ఇంకా మెరుస్తున్న వాయుమేఘమని తేలింది. ఆమె పేరే పెట్టారు, హన్నీస్ వూర్‌వెర్ప్. డచ్‌లో వూర్‌వెర్ప్ అంటే వస్తువు.

సైన్స్ ఒక్కటే అనుకోకండి. బ్రిటన్‌లోని టేట్ మ్యూజియం వాళ్లు చిత్రకారుల ఉత్తరాలు, స్కెచ్ పుస్తకాలు పెట్టారు. బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ అమెరికాలో బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడినవాళ్ల చేతిరాత ఉత్తరాలు వేల సంఖ్యలో పెట్టింది. ఒక్కో వరుస మొదట, చివర చుక్క పెట్టి, అందులో ఉన్నది టైప్ చేయాల్సి ఉండేది. మొదటి ఉత్తరానికి చెమటలు పట్టాయి. కానీ ఒకరి దస్తూరీ అలవాటయ్యాక, ఎక్కడ తొందరలో రాశారో, ఎక్కడ కలం ఆగిందో తెలిసిపోతుంది. చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివిన పోరాటం అక్కడ మీటింగులకు మనుషుల్ని పిలవడం, చందాలు పోగు చేయడం, జబ్బు పడినవాళ్ల క్షేమం కనుక్కోవడంగా కనిపించింది. దానికి నేను సిద్ధంగా లేను, చాలాసేపు కదిలిపోయి కూర్చున్నాను.

ఎక్కువ ప్రాజెక్టులు ఇంగ్లిష్‌లో ఉంటాయి, అయితే ఫొటోలు చూసేవాటికి నాలుగు మాటలు తెలిస్తే చాలు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయొచ్చు. ఫోన్ యాప్ అవును-కాదు తరహా వాటికి సరిపోతుంది. ఉత్తరాలకు మాత్రం పెద్ద స్క్రీన్ ఉండాల్సిందే. మొదలుపెట్టేవాళ్లు అడవి కెమెరాల ఫొటోలతో మొదలుపెట్టండి, ‘ఏమీ లేదు’ నొక్కే ముందు అంచులు ఒకసారి చూడండి.