ఒక్కో కణాన్ని పట్టే చిప్: మూడు నెలలు వాడాక

తిరుపతిలో మా ల్యాబ్‌కి, ఒక్కో కణాన్ని విడిగా పట్టి చూసే మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లు ఐదు తెప్పించాం. కంపెనీ పేరు చెప్పను, కొనాలనుకునే రీసెర్చ్ స్టూడెంట్స్‌కి పనికొస్తుందని రాస్తున్నా.

చూడ్డానికి గాజు పలక మీద అతికించిన పారదర్శకమైన రబ్బరు ముక్క. ఆ రబ్బరు పీడీఎంఎస్ అనే సిలికోన్. లోపల వెంట్రుక కంటే సన్నటి కాలువలు, వాటిలో వరసగా చిన్న చిన్న దొప్పలు. ఈస్ట్ కలిపిన ద్రవాన్ని సిరంజి పంపుతో నిమిషానికి కొద్ది మైక్రోలీటర్ల చొప్పున తోస్తే ఒక్కో దొప్పలో ఒక్కో కణం వచ్చి కూర్చుంటుంది, కూర్చోగానే ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి వెనక వచ్చేది పక్కనుంచి తర్వాతి దొప్పకి వెళ్తుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఒక కంపార్ట్‌మెంట్ నిండాక జనాన్ని తర్వాతి దానికి పంపినట్టే.

మొదటి రోజు గాంధీ రోడ్డులో కొన్న ఎరుపు, నీలం ఫుడ్ కలర్ నీళ్ళు వదిలాం. రెండూ ఒకే కాలువలో పక్కపక్కనే, మధ్యలో గీత గీసినట్టు పారాయి. ఇంత సన్నటి దారిలో సుడులు పుట్టవు. లామినార్ ఫ్లో అని ఎన్నిసార్లు చదివినా ఆ గీత చూశాకే నాకు అర్థమైంది.

అసలు ఆనందం ఈస్ట్‌తో. సుమారు 5 మైక్రాన్ల కణం. 30 డిగ్రీల దగ్గర ఉంచి ఐదు నిమిషాలకో ఫోటో తీస్తూ పోతే, ఒక పక్క చిన్న మొగ్గ పొడుచుకొచ్చి, పెరిగి, గంటన్నరకి పిల్ల కణమై విడిపోయి కొట్టుకుపోయింది, తల్లి మాత్రం దొప్పలోనే ఉంది. పక్క దొప్పలోది అదే తిండి తింటూ ఒక్క మొగ్గా వేయలేదు. టెస్ట్‌ట్యూబ్‌లో లక్షల కణాల సగటు చూస్తే ఈ తేడా కనబడదు. ఈ చిప్ కొనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఇక లోపాలు. ఐదింటిలో రెండు, గొట్టం దూర్చే చోట అతుకు ఊడి కారాయి. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే మూడు వారాలకి మార్చిచ్చారు, థీసిస్ గడువు దగ్గరపడ్డ వాళ్ళకి అది మామూలు టెన్షన్ కాదు. బుడగల గురించి మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. మన మే నెల ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియా, అంటే కణాలకి తిండిగా ఇచ్చే ద్రవం, వేడెక్కేకొద్దీ అందులో కరిగిన గాలి బుడగలవుతుంది, ఒక్క బుడగ వచ్చిందంటే దొప్పల్లో ఉన్నవన్నీ ఊడ్చుకుపోతాయి. గది వేడికి వచ్చాక, వాక్యూమ్‌లో గాలి తీసి, ఫిల్టర్ చేసి ఎక్కించండి.

ఒక్కో కణంలో ఏ జీన్లు పనిచేస్తున్నాయో చదవడానికి మాత్రం ఈ చిప్ కుదరదు, దానికి 2015లో వచ్చిన డ్రాప్‌సీక్ లాంటి, ఒక్కో కణాన్ని ఒక్కో చుక్కలో బంధించే పద్ధతి కావాలి.

నిన్ననే ఇంకో పది ఆర్డర్ పెట్టాం, ప్రతి చిప్‌నీ నీళ్ళు పంపి పరీక్షించాకే పార్సిల్ చేయమని రాసి.