లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫోటోల సైట్: పాత ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం నా రివ్యూ

నేను పోగేసే ఫోటోలు నాలుగే రకాలు, మనుషుల మొహాలు, పడవలు, పాత కార్లు, లైట్‌హౌస్‌లు. ఈ నాలుగింటికీ సంబంధం ఏంటని అడక్కండి, నాకూ తెలీదు, చూడగానే చెయ్యి ఆగిపోయే ఫోటో అయితే చాలు దాచేసుకుంటా. ఇలా దాచుకోడానికి బోర్డులు పెట్టుకునే యాప్‌లు బోలెడున్నాయి గానీ వాటితో గొడవేంటంటే ఫోటో దొరుకుతుంది, దాని పుట్టుపూర్వోత్తరాలు దొరకవు, ఎవరు తీశారు ఎక్కడ తీశారు ఏ సంవత్సరం అని వెతుక్కుంటూ పోతే ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి, అక్కణ్ణుంచి ఎప్పుడో మూతపడిన బ్లాగుకి తీసుకెళ్ళి వదిలేస్తాయి. అందుకే అమెరికా ప్రభుత్వ లైబ్రరీ అయిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ ఫోటోల సైట్ గురించి రాద్దామనిపించింది. ఫ్రీ, అకౌంట్ అక్కర్లేదు, యాడ్స్ లేవు, ప్రతి ఫోటో కిందా దాని జాతకం అంతా ఉంటుంది. అందంగా మాత్రం ఉండదు, అది ముందే చెప్పేస్తున్నా.

ముందు మనుషుల ఫోటోల సంగతి, ఎందుకంటే ఈ సైట్ అసలు బలం అక్కడే ఉంది. డొరోథియా లాంజ్ అనే ఫోటోగ్రాఫర్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో బఠాణీ కోత కూలీల క్యాంపులో తీసిన ఆ తల్లి ఫోటో చూడనివాళ్ళు ఉండరు, చెయ్యి చెంపకి ఆనించుకుని ఎటో చూస్తుంటుంది, పిల్లలు మొహాలు తిప్పుకుని ఆమె భుజాల మీద వాలి ఉంటారు. అది అన్నిచోట్లా దొరుకుతుంది, కానీ ఇక్కడైతే అదే రోజు తీసిన మిగతా ఫ్రేములు కూడా పక్కనే ఉంటాయి, లాంజ్ దూరం నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫ్రేముకీ ఎలా దగ్గరికి వచ్చిందో కళ్ళారా చూడొచ్చు. ఇంకో విషయం, ఆ ఫోటోలో కింద ఒక మూల గుడారం కర్ర పట్టుకున్న బొటనవేలు ఉండేది, తర్వాత దాన్ని నెగటివ్ మీద చెరిపించారు, ఫోటోషాప్ పుట్టకముందే జరిగిన టచప్ అన్నమాట. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది మాత్రం 1978లో, అంటే నలభై ఏళ్ళ పైచిలుకు ఆ మొహం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలీదు.

లాంజ్ అప్పట్లో పనిచేసింది జనం బతుకుల్ని ఫోటోలు తీయించిన ఒక అమెరికా ప్రభుత్వ ప్రాజెక్టుకి, దాని నెగటివ్‌లు ఇక్కడ దాదాపు 1,75,000 ఉన్నాయి. వాటిల్లో నాకు మరీ ఇష్టమైనవి ఏంటో తెలుసా, పనికిరావని పక్కన పడేసినవి. ఆ ప్రాజెక్టు నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకి నచ్చని నెగటివ్‌లకి పంచ్‌తో చిల్లు కొట్టించేవాడు, ఇప్పుడు స్కాన్‌లో ఆ చిల్లు నల్లటి గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది, ఒక్కోసారి సరిగ్గా మనిషి మొహం మీదే పడి ఉంటుంది. ఆయన ఏ ఉద్దేశంతో కొట్టించాడో గానీ ఇవాళ వాటిని చూస్తే వళ్ళు జలదరిస్తుంది. వీటిని పట్టుకోవాలంటే సెర్చ్ కంటే 'పక్క నంబర్ల ఫోటోలు చూపించు' అనే లింకు బెస్ట్, ఫోటో పేజీలో ఉంటుంది, నొక్కితే ఆ ఫోటోకి ముందూ వెనకా నంబర్లలో ఉన్న నెగటివ్‌లు వరసగా వచ్చేస్తాయి, చాలావాటికి పేరు కూడా ఉండదు. నా మటుకు నాకు సైట్ మొత్తంలో బెస్ట్ ఫీచర్ ఇదే, ఇంత మంచిదాన్ని ఎందుకో ఒక మూలన చిన్న అక్షరాల్లో పెట్టారు.

లూయిస్ హైన్ ఫోటోలు కూడా ఇక్కడే ఉన్నాయి, బాలకార్మికుల మీద ఆయన తీసినవి 5,000కి పైనే. 1911లో మిసిసిపీలోని బిలాక్సీలో తీసిన మాన్యుయెల్ అనే అయిదేళ్ళ పిల్లాడి ఫోటో ఒక్కసారి తెరిచి చూడండి, రొయ్యలు ఒలిచే పని వాడిది, రెండు చేతుల్లో రెండు డబ్బాలు, వెనకాల కొండలా ఆల్చిప్పల గుట్ట. ఫోటో ఎంత బలంగా ఉందో కింద హైన్ రాసుకున్న నోటు అంతకంటే బలంగా ఉంటుంది, పోయిన సంవత్సరం కూడా పని చేశాడట, ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాదట. ఆ రెండు వాక్యాలు లేకుండా ఇదే ఫోటో వేరేచోట చూస్తే అది 'పాతకాలం క్యూట్ పిల్లోడు' అయిపోతుంది, అవుతోంది కూడా.

కార్ల దగ్గరికొస్తే కొత్తవాళ్ళు చాలామంది ఇక్కడే నీరసపడిపోతారు. సెర్చ్‌లో వింటేజ్ కార్ అని కొట్టి, వచ్చినవి చూసి ఇంతేనా అనుకుంటారు. అరే, ఆ ఫోటో తీసిన రోజున అది కొత్త కారు కదండీ, క్యాటలాగ్ రాసినవాళ్ళు వింటేజ్ అని ఎందుకు రాస్తారు? ఆటోమొబైల్స్ అని కొట్టండి, ఆటోమొబైల్ రేసింగ్ అని కొట్టండి, కంపెనీ పేరుతో కొట్టండి, అప్పుడు చూడండి ఎలా వచ్చి పడతాయో. నేనైతే ఎప్పుడూ వెళ్ళేది బెయిన్ న్యూస్ సర్వీస్ కలెక్షన్‌కి, పత్రికలకి ఫోటోలు సప్లై చేసిన తొలితరం ఏజెన్సీ అది, గాజు నెగటివ్‌లే 40,000 దాకా ఉన్నాయి. 1908లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో బయల్దేరి పారిస్ దాకా సాగిన కార్ రేసు ఫోటోలు ఇందులో ఉన్నాయి, పైకప్పు లేని కార్లు, కోట్లు టోపీలు బిగించుకున్న మనుషులు, చుట్టూ జనం. బయల్దేరింది ఫిబ్రవరి 12న, గెలిచిన థామస్ ఫ్లయర్ అనే కారు పారిస్ చేరింది జూలై 30న, ఆ మధ్యలో రోడ్డనేదే లేని చోట్ల రైలు పట్టాల మీద కూడా నడిపారు మహానుభావులు.

ఆ కాలం రేసు ఫోటోల్లో ఒక వింత ఉంటుంది, కారు చక్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగి పక్కకి వాలిపోయి ఉంటుంది. స్కాన్ పాడైందనుకోకండి, అప్పటి ప్రెస్ కెమెరాల్లో ఫోకల్ ప్లేన్ షట్టర్ ఉండేది, అందులో సన్నటి చీలిక ఒకటి ఫోటో పడే గాజు ప్లేటు మీదుగా నిలువునా జరుగుతూ పోతుంది, చక్రం ఒక చివర నమోదయ్యాక రెండో చివర నమోదయ్యేలోపు కారు కాస్త ముందుకి వెళ్ళిపోతుంది కాబట్టి అలా సాగుతుంది. తర్వాత రోజుల్లో కార్టూన్లు గీసేవాళ్ళు స్పీడు చూపించడానికి చక్రాన్ని అలా వంచి గీయడం చూస్తే నాకు ఎప్పుడూ ఈ ఫోటోలే గుర్తొస్తాయి.

పడవలకి రెండు చోట్లు చెప్తా. డెట్రాయిట్ పబ్లిషింగ్ కంపెనీ కలెక్షన్‌లో పెద్ద సైజు గాజు ప్లేట్ల మీద తీసిన యాట్‌ల, అంటే పందేలకి వాడే తెరచాప పడవల ఫోటోలు ఉంటాయి, 1903 అమెరికాస్ కప్ పడవ పందెంలో పోటీపడిన రిలయన్స్ అనే యాట్ అయితే ఒక్క తెరచాప కొయ్యకే అంత గుడ్డ ఎలా ఎత్తారా అనిపిస్తుంది, జూమ్ చేస్తే డెక్ మీద మనుషులు చీమల్లా కాదు, మొహాలతో సహా కనిపిస్తారు. రెండోది ప్రొకుదిన్-గోర్స్కీ కలెక్షన్, రష్యా అంతా తిరిగి 1910 ప్రాంతాల్లో కలర్‌లో తీసిన మనిషి. ఒకే సీన్‌ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్లతో ఒకదాని తర్వాత ఒకటి మూడుసార్లు తీసేవాడు, మూడూ కలిపితే రంగుల ఫోటో. లైబ్రరీ వాళ్ళు ఆయన కొడుకుల దగ్గర 1948లో కొన్న నెగటివ్‌లు 1,902. ఇందులో పడవల ఫోటోలు ఎందుకు స్పెషల్ అంటే మూడు షాట్‌ల మధ్య స్టీమర్ కదలకుండా ఉన్నా నీళ్ళు కదలకుండా ఉండవుగా, అందుకని అలల మీద ఎరుపు ఆకుపచ్చ నీలం చారలు విడివిడిగా మెరుస్తుంటాయి. కొంతమంది దాన్ని సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసి పెడుతుంటారు, దయచేసి ఆ పని చేయకండి అని చెప్పాలనిపిస్తుంది, ఆ చారలు పోతే ఫోటోలో సగం పోయినట్టే. అన్నట్టు 1911లో తీసిన బుఖారా అమీర్, అంటే అక్కడి పాలకుడి ఫోటో కూడా ఇందులోదే, ఆ నీలం పట్టు అంగీ చూసి చాలామంది అది ఇప్పటి సినిమా స్టిల్ అనుకుంటారు.

లైట్‌హౌస్‌లకి ఫోటోక్రోమ్ కలెక్షన్, అనుమానమే లేదు. 1890ల నాటి రంగుల ప్రింట్లు ఇవి, కానీ ప్రొకుదిన్ వాటిలా నిజం రంగులు కావు, నలుపు తెలుపు నెగటివ్ తీసుకుని ఒక్కో రంగుకి ఒక్కో రాయి చొప్పున లితోగ్రఫీలో, అంటే రాతి అచ్చులో ముద్రించేవాళ్ళు, కాబట్టి ఆ సూర్యాస్తమయం ఎరుపు ప్రెస్సులో పనివాడి అభిరుచి కావచ్చు. ఇంగ్లండ్ తీరానికి దూరంగా ఉన్న ఎడ్డీస్టోన్ లైట్‌హౌస్ ప్రింటు నా కలెక్షన్‌లో టాప్, అందులో ఒకటి కాదు రెండు కట్టడాలు పక్కపక్కనే ఉంటాయి. 1759లో స్మీటన్ అనే ఇంజనీరు కట్టిన టవర్ గట్టిదే, కింద ఉన్న రాయే సముద్రం దెబ్బకి కోసుకుపోతుంటే పక్కనే కొత్తది కట్టి 1882లో వెలిగించారు, పాతదాని పై భాగం విప్పి తీసుకెళ్ళి ప్లిమత్ ఒడ్డున మళ్ళీ నిలబెట్టారు, అడుగు మొద్దు మాత్రం సముద్రంలోనే ఉండిపోయింది. ప్రింటులో కొత్త టవర్ పక్కన పొట్టిగా కనిపించేది అదే. ఇక అమెరికా లైట్‌హౌస్‌లైతే చారిత్రక కట్టడాల సర్వే విభాగంలో ఫోటోలతో పాటు కొలతలు వేసిన డ్రాయింగులు కూడా దొరుకుతాయి, మెట్లు ఎలా తిరిగాయో దీపం గది ఎలా ఉందో గీతల్లో చూపిస్తారు, బొమ్మలు చేసేవాళ్ళకి పండగే.

కలర్‌లో ఈకాలం ఫోటోలు కావాలంటే కారల్ హైస్మిత్ ఆర్కైవ్ చూడండి, తన ఫోటోలు ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చని లైబ్రరీకి ఇచ్చేసిన ఫోటోగ్రాఫర్ ఆమె, లైట్‌హౌస్‌లు, హైవేల పక్కన నిలబెట్టిన పాత కార్లు కావలసినన్ని. తమాషా ఏంటంటే ఆమె తీసిన ఫోటోని ఆమే తన వెబ్‌సైట్‌లో పెట్టుకుంటే, డబ్బు కట్టమని ఫోటోలు అమ్మే ఏజెన్సీ తరఫున ఆమెకే నోటీసు వచ్చింది, 120 డాలర్లు! 2016లో కోర్టుకి కూడా వెళ్ళింది గానీ హక్కులు వదులుకున్న ఫోటో కావడంతో ఆ కేసులో ముఖ్యమైన భాగం నిలబడలేదు. దీన్నిబట్టి ఒకటి అర్థం చేసుకోండి, ఇక్కడ ఫ్రీగా ఉన్న ఫోటోనే ఇంకోచోట డబ్బుకి అమ్ముతుండొచ్చు, కొనేముందు ఇక్కడ ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఇక మైనస్‌లు. డిజైన్ పాతకాలం ఆఫీసు ఫైలులా ఉంటుంది, ఫోన్‌లో వేళ్ళతో తోసుకుంటూ చూసేవాళ్ళకి సుఖం లేదు. కొన్ని ఫోటోలకి హక్కుల సమస్య వల్ల చిన్న బొమ్మ మాత్రమే కనిపిస్తుంది, పెద్దది చూడాలంటే లైబ్రరీ బిల్డింగ్‌లోకే వెళ్ళాలి, మంచి ఫోటో దగ్గరే ఇలా జరుగుతుందని నా అనుమానం. నచ్చినవన్నీ ఒకచోట అందంగా పేర్చుకుందామంటే ఆ సౌకర్యం కోసం ఫోటోలు పంచుకునే ఫ్లికర్ సైట్‌లో ఉన్న లైబ్రరీ వాళ్ళ పేజీకి వెళ్ళడం నయం, 2008 జనవరిలో 3,000కి పైగా ఫోటోలతో మొదలుపెట్టారు, అక్కడ ఫేవరెట్లు పెట్టుకోవచ్చు, కామెంట్లు చదవచ్చు. ఆ కామెంట్లని తక్కువ అంచనా వేయకండి, బెయిన్ ఫోటోల మీద చేత్తో గీకిన పేర్లలో తప్పులుంటే మామూలు జనమే పాత పేపర్లు తిరగేసి అసలు మనిషి ఎవరో కనిపెట్టి రాస్తే లైబ్రరీ వాళ్ళు సరిచూసుకుని రికార్డులు మార్చారు.

డౌన్‌లోడ్ విషయానికొస్తే చూసుకోడానికి జేపెగ్ చాలు, ప్రింటు వేయించుకోవాలంటే టిఫ్ తీసుకోండి, కొన్ని టిఫ్‌లు వంద ఎంబీ దాటతాయి కాబట్టి నెట్ బాగున్నప్పుడు పెట్టుకోండి. ఫోటో కింద పొడుగ్గా ఒక రిప్రొడక్షన్ నంబర్ ఉంటుంది, దాన్ని ఫైలు పేరులోనే కలిపి సేవ్ చేయండి, లేదంటే కొన్నాళ్ళకి మీ ఫోల్డర్ కూడా ఆ ఊరూపేరూ లేని బోర్డుల్లాగే తయారవుతుంది. హక్కుల లైన్ కూడా చదవండి, 'తెలిసిన ఆంక్షలు ఏమీ లేవు' అని ఉంటే చాలావరకు ధైర్యంగా వాడుకోవచ్చు, అయినా లైబ్రరీ మీకు పర్మిషన్ ఇచ్చినట్టు కాదు, పోస్టర్లు వేసి అమ్ముకునే ఆలోచన ఉంటే ఆ జాగ్రత్త మీదే.

నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర. వాల్‌పేపర్ కోసం నాలుగు మెరిసే ఫోటోలు కావాలనుకునేవాళ్ళకి ఇది వద్దు, చిరాకొస్తుంది. మిగతావాళ్ళు మొదట్లో సెర్చ్ బాక్స్ జోలికి పోకుండా ఫోటోక్రోమ్‌తో మొదలుపెట్టి, తర్వాత ప్రొకుదిన్, ఆ తర్వాత బెయిన్ చూడండి, 1,75,000 నెగటివ్‌ల గుట్టలోకి మాత్రం మర్నాడు సెలవు ఉన్న రాత్రే దిగండి.