రేటు తగ్గింది: రిటర్న్ పెట్టాలా, ఊరుకోవాలా?

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున వరంగల్‌లో బంతిపూల ధర అడిగితే గుండె గుభేలుమంటుంది. మధ్యాహ్నం దాటి, అందరి బతుకమ్మలూ పేర్చడం అయిపోయాక అవే పూలు బేరమాడకుండానే దిగివస్తాయి. పొద్దున కొన్నవాళ్లెవరూ సాయంత్రం బుట్ట పట్టుకెళ్లి "తేడా పైసలు వాపస్ ఇయ్యి" అని అడగరు. ఆన్‌లైన్‌లో మాత్రం అడగాలనిపిస్తుంది. అక్కడ రిటర్న్ బటన్ కళ్ల ముందే ఉంటుంది మరి.

దసరాకు కొద్ది రోజుల ముందు హనుమకొండలో మా ఇంటికి ఒక మిక్సీ తెప్పించాను. ధర 4,299 రూపాయలు, కూపన్ 300 పోగా కట్టింది 3,999. ఇంటికొచ్చిన నాలుగో రోజు అదే మిక్సీ 3,649 చూపించింది. అమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. "ఆరు వందల యాభై ఊకెనే పోయినయా?" అని రెండు రోజులు అదే మాట.

నిజానికి పోయింది 350. కూపన్ ఒక్కసారికే పనికొచ్చేది, మళ్లీ కొంటే రాదు. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. పేజీ మీది పాత ధరనీ కొత్త ధరనీ పోల్చుకుంటారు. పోల్చుకోవాల్సింది మన జేబులోంచి పోయిన మొత్తాన్నీ, ఇప్పుడు మళ్లీ కొంటే పోయే మొత్తాన్నీ. కార్డు డిస్కౌంట్ "ఒక కార్డుకు ఒక్కసారే" అని ఉంటే ఆ తేడా ఇంకా కరిగిపోతుంది.

పార్సిల్ ఇంకా బయల్దేరకపోతే ఆలోచించే పనే లేదు. క్యాన్సిల్ చేసి మళ్లీ ఆర్డర్ పెట్టడమే మేలు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, కంపెనీ తనంతట తాను ఆర్డర్ రద్దు చేసినప్పుడు అలాంటి చార్జీ తానూ భరిస్తేనే మన దగ్గర క్యాన్సిలేషన్ చార్జీ తీసుకోవాలి. ఒక్కటే జాగ్రత్త: కొత్త ఆర్డర్ ఖాయమయ్యాకే పాతది రద్దు చేయండి.

దారిలో ఉంటే గుమ్మం దగ్గర వద్దనొచ్చు. ముఖ్యంగా పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇస్తున్నవాళ్లకు ఇదే ఆఖరి అవకాశం. డెలివరీ బాయ్ చేతికి పాత ఫోన్ వెళ్లాక, తర్వాత కొత్తది రిటర్న్ పెట్టినా పాతది తిరిగి వస్తుందని ఆశపెట్టుకోకండి. కానీ దీన్ని అలవాటు చేసుకోవద్దు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి మాటిమాటికీ వద్దంటే ఆ సదుపాయమే పోవచ్చు. ఎండలో మూడో అంతస్తు దాకా మోసుకొచ్చిన పిల్లవాడి ముఖం కూడా ఒకసారి చూడాలి.

అసలు తకరారు వస్తువు ఇంట్లోకి వచ్చాక మొదలవుతుంది. రిటర్న్ పెట్టి మళ్లీ కొనడం పైకి చాలా తేలిక. ముందు వస్తువు పేజీలో ధర కింద చిన్న అక్షరాల్లో ఉన్న మాట చదవాలి. ఫోన్లు, టీవీలు, వంటింటి మెషిన్లు చాలావాటికి అక్కడ 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అని ఉంటుంది. అంటే పాడైతే ఇంకోటి ఇస్తారు, డబ్బులు ఇవ్వరు. రేటు తగ్గిందన్న మాటకు అక్కడ చోటే లేదు. చట్టం కూడా మన వైపు లేదు. అవే 2020 నిబంధనలు వస్తువు పాడైనా, నకిలీదైనా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదంటాయి. ధర తగ్గడం ఆ జాబితాలో లేదు. కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఇదొక్కటే చెబితే లాభం లేదు.

బట్టలు, చెప్పులు, పుస్తకాల సంచి లాంటివాటికి 'నచ్చలేదు' అని తిరిగి ఇచ్చే వీలు తరచుగా ఉంటుంది. అక్కడ కూడా సీలు, ట్యాగు ఊడకూడదు. కిస్తీల మీద కొంటే ఇంకో చిక్కు ఉంది. నో-కాస్ట్ ఈఎంఐ అంటే బ్యాంకు వడ్డీ వేయడం మానదు, అంత మొత్తం మనకు ముందే డిస్కౌంట్‌గా చూపిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్‌టీ మాత్రం మనమే కడతాం. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుంటే రిటర్న్ పెట్టినా అది సాధారణంగా రాదు. మళ్లీ కొంటే మళ్లీ ఫీజు.

కాజీపేటలో ఉండే మా మేనబావ బ్లూటూత్ స్పీకర్ విషయంలో చేసిన పని చెప్పాలి. రేటు 400 తగ్గిందని చూడగానే ముందు రిటర్న్ పెట్టాడు. రీఫండ్ వచ్చాక అదే డబ్బుతో కొందామనుకున్నాడు. పికప్‌కు రెండు రోజులు, డబ్బులు ఖాతాలో పడటానికి ఇంకో ఆరు రోజులు. అప్పటికి సేల్ అయిపోయింది, ధర మొదటికంటే 200 ఎక్కువైంది. "పాట వినకుండానే పైసలు పెరిగినయ్ బావా" అని నేను ఏడిపిస్తే ఇప్పటికీ ఒప్పుకోడు. అతను చేయాల్సిందల్లా తగ్గిన ధరకు ఇంకోటి ముందే తెప్పించుకుని, ఆ తర్వాత పాతదాని మీద రిటర్న్ పెట్టడం. దానికి వారం పది రోజులు రెండింటి డబ్బూ చేతిలో ఆడాలి. అది లేనివాళ్లకు ఈ దారి నష్టమే.

పల్లెల్లో అయితే పికప్ సంగతి ముందే చూసుకోవాలి. ములుగు, నర్సంపేట వైపు కొన్ని ఊళ్లకు పార్సిల్ వస్తుంది కానీ వెనక్కి తీసుకెళ్లేవాళ్లు రారు, మీరే పంపుకోండి అంటారు. బస్సు చార్జీ, ఒక పూట కూలి పోయాక 200 తేడాలో మిగిలేది ఏముంది?

పక్కింటి కుర్రాడు ఇచ్చిన సలహా వేరు: "మోటర్ సప్పుడు జేస్తుందని పెట్టు అన్నా, తీస్కపోతరు." అలా చేయడం నాకు ఇష్టం లేదు, నీతి ఒక్కటే కారణం కాదు. పాడైందని పెడితే టెక్నీషియన్ వచ్చి చూస్తాడు, బాగానే ఉందని రాసిపోతాడు. రిటర్నులు ఎక్కువైన ఖాతాల మీద కంపెనీలు కన్నేసి ఉంచుతాయి. రేపు నిజంగా పాడైన వస్తువు వచ్చినప్పుడు మన మాట నమ్మరు. పైగా అమ్మేది ప్రతిసారీ పెద్ద కంపెనీయే కాదు. మన వరంగల్ కొత్తవాడ నేతవాళ్ల డర్రీలకు, అంటే జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అవి ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. అలాంటి చిన్న అమ్మకందారు దగ్గర వంద తగ్గిందని డర్రీ వెనక్కి పంపితే, రాకపోకల ఖర్చు కింద అతని లాభమంతా పోవచ్చు.

మిక్సీ విషయంలో నేను ఎంచుకున్నది అడిగి చూడడం. కస్టమర్ కేర్‌కు చాట్‌లో రాశాను. ధర తేడా ఇచ్చే పద్ధతి లేదన్నారు. అప్పుడే ఇంకో సంగతి కనిపించింది: తగ్గించింది నాకు అమ్మిన సెల్లర్ కాదు, అదే పేజీలో ఉన్న ఇంకొకరు. నా సెల్లర్ ధర అలాగే ఉంది. ఇక అతన్ని అడిగేదేముంది? అయినా పాత ఖాతా అని, ఏదైనా చేయగలరా అని మర్యాదగా ఇంకోసారి అడిగితే వాలెట్‌లో 150 వేశారు. పది నిమిషాల పని. అందరికీ వేస్తారని కాదు, అడిగితే పోయేదేం లేదని చెబుతున్నా. 350లో 150 పోగా మిగిలిన 200 కోసం మళ్లీ డబ్బా కట్టి, రెండు రోజులు పికప్ కోసం ఇంట్లో కూర్చోవడం నాకు గిట్టుబాటు కాదు.

చౌరస్తాలో దుకాణంలో కొంటే ఈ టెన్షన్ ఉండదని అంటారు. సగం నిజం. సేటు దగ్గర బేరం ముందే అయిపోతుంది, బిల్లు కొట్టాక రేటు తగ్గితే డబ్బులు వెనక్కి రావు. వెళ్లి అడిగితే "గప్పుడు గా రేటు, గిప్పుడు గీ రేటు తమ్మీ" అని నవ్వి, మహా అయితే ఓ చిన్న జార్ చేతిలో పెడతాడు. కానీ పాడైతే ఆటోలో వేసుకెళ్లి ఆయన ముందు పెట్టొచ్చు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటి బరువైనవాటికి నా ఓటు దుకాణానికే.

ముందే తెలిసి తగ్గే ధర సంగతి వేరు. 2025లో 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిస్తామని సెప్టెంబర్ 3న ప్రకటించారు, 22 నుంచి అమలైంది. పన్నుతో కలిపి 32,000 పడే టీవీ, దుకాణదారు తన రేటు మార్చకపోతే 29,500కు రావాలి. 2,500 తేడా. ఆ మధ్య రోజుల్లో తొందరపడి కొన్నవాళ్లకు దుకాణంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ దారి దొరకడం కష్టం. అప్పుడు ఆగడమే మేలు, అదీ ఇంట్లో పాత టీవీ ఆడుతుంటేనే.

ఇప్పుడు నేనో పని చేస్తున్నా. పార్సిల్ రాగానే రిటర్న్ ఆఖరి తేదీని మార్కర్‌తో డబ్బా మీద రాసి సజ్జ మీద పెడతాను. తేడా 500 దాటి, సీలు ఊడకుండా, తిరిగి ఇచ్చే వీలుంటేనే డబ్బా కిందికి దిగుతుంది. ఆ తేదీ దాటాక ఆ పేజీ తెరవను. మిక్సీ డబ్బా మాత్రం అమ్మ ఎప్పుడో దించేసింది, అందులో ఇప్పుడు ఉల్లిగడ్డలు ఉన్నాయి.