ఆరేళ్లు వాడాక: మా ఇంటి రౌటర్, స్విచ్, తీగల సంగతి

మా ఇంటి నెట్‌వర్క్‌లో పెట్టెలన్నిటిలోకీ చవకైనది ఐదు పోర్టుల స్విచ్, అంటే ఐదు నెట్‌వర్క్ తీగలు గుచ్చి పరికరాలను కలిపే చిన్న పెట్టె. 2019 చివర్లో పై అంతస్తు గూట్లో పెట్టాను. దానికి పాస్‌వర్డ్ లేదు, సెట్టింగులు లేవు, ఆపడానికి మీట కూడా లేదు. ఈ ఆరేళ్లలో దాని ముఖం చూడాల్సి వచ్చింది నాలుగైదు సార్లే, అందులోనూ తప్పు ప్రతిసారీ మాదే. రౌటర్ల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను దీనితో మొదలుపెట్టాను.

మాది రాజమండ్రిలో రెండంతస్తుల ఇల్లు. కింద అమ్మానాన్నలు, పైన మేము. ఫైబర్ తీగ కింద హాల్లోకి వస్తుంది. మధ్యలో ఇనుప చువ్వల స్లాబు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ ఆ స్లాబును ఎలాగో దాటుతుంది గానీ చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఆ తరంగం మీదే ఉన్నందువల్ల సంతలా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగానే ఉంటుంది గానీ స్లాబు దగ్గరే నీరసించిపోతుంది.

అందరిలాగే నేనూ ముందు బూస్టర్ కొన్నాను, రౌటర్ సిగ్నల్‌ను విని మళ్లీ ముందుకు పంపే పెట్టె. మెట్ల మలుపులో ప్లగ్గుకు తగిలించగానే ఫోనులో గీతలన్నీ నిండాయి, వీడియో మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంది. ఆ గీతలు చెప్పేది ఫోనుకూ బూస్టర్‌కూ మధ్య దూరం గురించే. బూస్టర్‌కు రౌటర్ ఎంత బాగా వినిపిస్తోందో వాటికి తెలియదు. పైగా నేను కొన్నదానిలో రేడియో ఒక్కటే. రౌటర్ నుంచి విన్నది అదే ఛానెల్‌లో మళ్లీ ఫోనుకు చెప్పాలి. బావిలో తోడిన బకెట్‌నే తొట్టి దాకా మోసుకెళ్లి కుమ్మరించి, మళ్లీ బావి దగ్గరకు రావడం లాంటి పని. వేగం సగానికి పడిపోయింది. మూడు నెలల తర్వాత అది అటక ఎక్కింది. ఈ ఆరేళ్లలో నేను దండగ పెట్టిన డబ్బంటే అదే.

అప్పుడు తీగ గుర్తొచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు టీవీ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు ఖాళీగానే ఉంది. అందులోంచి కింది రౌటర్ నుంచి పై స్విచ్ దాకా క్యాట్ 6 అనే రకం నెట్‌వర్క్ తీగ లాగించాను. ఇరవై మీటర్లకు మించదు, ఈ తీగ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. మొదటి తీగ మాత్రం మోసం. దుకాణదారు "రాగే సార్" అన్నాడు. మలుపు దగ్గర పుటుక్కున తెగాక బ్లేడుతో గీకి చూస్తే లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత! రెండోసారి దుకాణంలోనే గీకి చూసి కొన్నాను. ఆయనకు కోపం వచ్చింది గానీ తీగ ఈ రోజుకీ పనిచేస్తోంది.

2021లో 200 ఎంబీపీఎస్ (సెకనుకు 200 మెగాబిట్లు) ప్లాన్‌కు మారినప్పుడు అసలు పాఠం మొదలైంది. కింద ల్యాప్‌టాప్‌ను నేరుగా ఫైబర్ పెట్టెకు, అంటే రౌటర్‌కు, కలిపితే 200 వస్తోంది. పైన ఎన్నిసార్లు కొలిచినా 94. ఉదయం 94, అర్ధరాత్రి 94. కంపెనీకి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ వేయమన్నారు. వేశాను. 94. కంపెనీనీ రౌటర్‌నూ వాతావరణాన్నీ తిట్టుకుంటూ రెండు నెలలు గడిపాను. వేగం ఊగిసలాడకుండా ఒకే అంకె దగ్గర ఆగిపోయిందంటే అక్కడేదో గోడ ఉందన్నమాటే, ఆ ఆలోచన నాకు ఆలస్యంగా తట్టింది. వంద మెగాబిట్ల ఈథర్‌నెట్‌లో (తీగ మీద నడిచే నెట్‌వర్క్‌లో) సమాచారం ప్యాకెట్లనే చిన్న మూటలుగా వెళ్తుంది, వాటి మీది చిరునామాల బరువూ వాటి మధ్య విరామాలూ తీసేస్తే మనకు మిగిలేది దాదాపు 94.

తీగలో ఎనిమిది సన్నని తీగలు, నాలుగు మెలి తిరిగిన జతలుగా ఉంటాయి. వంద మెగాబిట్లకు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు, అంటే వెయ్యి మెగాబిట్లకు, నాలుగూ కావాలి. ఒక జతలో ఒక్క తీగ సరిగా తగలకపోయినా చాలా పరికరాలు గొడవ చేయకుండా వందకు దిగి పనిచేసుకుపోతాయి. మా తీగ కొసన ఉన్న కనెక్టర్‌లో ఎనిమిదో స్థానంలోని గోధుమరంగు తీగ చివరిదాకా వెళ్లలేదు. కనెక్టర్ కత్తిరించి కొత్తది బిగించాను, 200 వచ్చింది. నన్ను బాధించింది ఇంకొకటి. మా స్విచ్‌లో గిగాబిట్‌కు ఆకుపచ్చ దీపం, వందకు నారింజ దీపం వెలుగుతాయి. ఆ నారింజ దీపం రెండు నెలలుగా నాకు అదే చెబుతోంది.

అప్పటి నుంచి ఆ తీగల రంగుల వరుస అలమారా తలుపు లోపలి వైపు రాసి పెట్టుకున్నాను: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలోకి నీలం జత ఎందుకు దూరిందా అనుకునేవాణ్ని. పాత టెలిఫోను జాక్‌లో మాట నడిమి జత మీదే వెళ్లేది, ఆ ఏర్పాటు చెడకుండా ఉంచారట. ల్యాండ్‌లైన్ ఇంట్లోంచి వెళ్లిపోయినా దాని చోటు దానికే ఉంది.

పాత రౌటర్‌ను పైన వైఫై కోసం స్విచ్‌కు తగిలించిన రోజు మరో తమాషా. నాన్నగారి ఫోనులో వార్తలు వస్తున్నాయి, అమ్మ ఫోనులో పాటలు రావడం లేదు. "ఒకే ఇంట్లో నాకు వచ్చేది మీ అమ్మకు రాదేమిటిరా?" అన్నారు నాన్నగారు. ఇంట్లోకి వచ్చిన ప్రతి పరికరమూ "నాకో చిరునామా ఇవ్వండి" అని కేకేస్తుంది. ఇచ్చే పని డీహెచ్‌సీపీది. ఒకే ఊళ్లో ఇద్దరు కరణాలు పట్టాలు రాసినట్లు, మా ఇంట్లో రెండు పెట్టెలూ ఆ పని చేస్తున్నాయి. ఫైబర్ పెట్టె 192.168.1తో మొదలయ్యే చిరునామాలు ఇస్తోంది, పాత రౌటర్ 192.168.0తో మొదలయ్యేవి ఇస్తూ బయటికి దారి తానేనని చెబుతోంది. దానికి బయటికి దారే లేదు. ఎవరి జవాబు ముందు అందితే ఫోను వాళ్ల మాటే వింటుంది. పాతదానిలో డీహెచ్‌సీపీ ఆపేసి, దానికి 192.168.1.2 అని చిరునామా పెట్టాక ఇద్దరికీ అన్నీ వచ్చాయి. పక్కింట్లోనూ ఇవే అంకెలు ఉంటాయని కంగారు పడనక్కర్లేదు. ఇవి ఇంటి లోపలికే కేటాయించిన అంకెలు, గడప దాటేటప్పుడు రౌటర్ వాటిని మార్చి పంపుతుంది.

ప్రింటర్‌దీ చిరునామా గొడవే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొత్త చిరునామా తీసుకుని ల్యాప్‌టాప్‌కు కనబడకుండా పోయేది. దాని మ్యాక్ నంబరుకు, అంటే తయారీలోనే వేసే గుర్తింపు నంబరుకు, ఒక చిరునామాను రౌటర్‌లో శాశ్వతంగా కట్టేశాను. ఐదు నిమిషాల పని.

ఒక సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఎవరో గూట్లో వేలాడుతున్న తీగ కొసను పద్ధతిగా ఖాళీ పోర్టులో పెట్టేశారు. దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది. దీపాలన్నీ పూనకం వచ్చినట్లు ఊగాయి, ఇల్లంతా ఆగిపోయింది. అందరికీ పంపే ప్యాకెట్ ఆ చక్రంలో పడితే తిరుగుతూనే ఉంటుంది, దానికి ఆయుష్షు లెక్క లేదు. ఇలాంటి చవక స్విచ్ ఈ చక్రాన్ని పట్టుకోలేదు. దాని మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

రౌటర్ మీద ఫిర్యాదు పెద్దది. నాలుగో ఏట భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. పెట్టె నిక్షేపంలా ఉంది, వేగమూ తగ్గలేదు, కానీ ఇంటికి తలుపులాంటి వస్తువుకు తాళం మార్చేవారు లేరు. కొనేముందు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడగండి. యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయో తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

కరెంటు కోతలకు చిన్న యూపీఎస్ కొన్నాను. రౌటర్‌కు 12 వోల్టులు, స్విచ్‌కు 5 వోల్టులు. మొదట 12 మాత్రమే ఇచ్చేది తెచ్చి కింద పెట్టాను. కరెంటు పోతే కింద నెట్ ఉండేది, పైన స్విచ్ పడుకునేది. పైకి రెండూ ఇచ్చేది విడిగా కొనక తప్పలేదు. బ్యాటరీ కొన్న కొత్తలో నిలిచినంత సేపు ఇప్పుడు నిలవడం లేదు.

ఇక మిగిలింది మేడ మీద కెమెరాకు వెళ్లే తీగ. ఉడుత రెండుసార్లు కొరికింది. మూడోసారి ఇనుప గొట్టంలోంచి వేయించాను. ఇప్పుడది రోజూ ఆ గొట్టం మీద కూర్చుని జామకాయ తింటోంది, కెమెరాలో స్పష్టంగా కనిపిస్తోంది.