కారాగార విక్రయశాల: ఏవి ధైర్యంగా కొనవచ్చు, ఏవి అడిగి కొనాలి

మా నగరంలో కేంద్ర కారాగారం ప్రహరీని ఆనుకొని, ములాఖత్ కోసం వచ్చిన కుటుంబాలు కూర్చునే రేకుల షెడ్డుకు కొంచెం అవతల, ఖైదీలు తయారుచేసిన వస్తువులు అమ్మే చిన్న దుకాణం ఉంది. తెలంగాణలో ‘మై నేషన్’ పేరుతోనూ, ఢిల్లీలోని తీహార్‌లో ‘టీజేస్’ పేరుతోనూ, కేరళలో ‘ఫ్రీడమ్’ పేరుతోనూ జైళ్ల శాఖలు ఇటువంటి అమ్మకాలు సాగిస్తున్న సంగతి చాలామందికి తెలిసినదే. వీటి గురించి వచ్చే వార్తలన్నీ ఖైదీల పునరావాసం చుట్టూనే తిరుగుతాయి. నేను మాత్రం ఈ దుకాణంలోని సరుకును పర్యావరణం దృష్టితో పరిశీలించదలచాను. వందల వేల మంది ఒకేచోట తిని, స్నానం చేసి, బట్టలుతుక్కునే కారాగారం నీటి వాడకంలోనూ చెత్తలోనూ ఒక చిన్న ఊరికి తీసిపోదు. పైగా అక్కడ లోపలికి వెళ్లే ప్రతి బస్తా, బయటికి వచ్చే ప్రతి బండి గేటు దగ్గర రిజిస్టరుకెక్కుతాయి. ఏది ఎంత వాడుతున్నామో, ఎంత పారేస్తున్నామో కచ్చితంగా లెక్క కట్టగల ఆ వెసులుబాటు మన మునిసిపాలిటీల్లో దేనికీ లేదు.

ఈ దుకాణంలో అన్నిటికంటే మేలైన వస్తువు జంపఖానా. లోపలి మగ్గాల మీద నూలుతో నేసినది. రెండు చేతులతో ఎత్తితే బరువు తెలుస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పేక ఎక్కడా పలచబడినట్టు కనిపించదు. అంచున మిగిలిన పడుగు పోగులను నాలుగేసి కలిపి బిగించిన ముడులు ఉతికిన తరువాత కూడా విడలేదు. మొదటి ఉతుకులో కొంచెం రంగు దిగింది, ఆ తరువాత దిగలేదు. బజారులో ఇదే ధరకు దొరికే సింథటిక్ జంపఖానాలు కొంతకాలానికే పోగులూడి, పారేయడానికి కూడా పనికిరాని చెత్తగా మిగులుతాయి. నూలు జంపఖానా అయితే పడక నుంచి గుమ్మం ముందుకు, అక్కడి నుంచి ఇల్లు తుడిచే గుడ్డగా మారి, చివరికి మట్టిలో కలిసిపోతుంది. ఒక వస్తువు పర్యావరణానికి మేలు చేస్తుందా లేదా అన్నది దాని మీది ఆకుపచ్చ ముద్రను బట్టి కాక, అది ఎన్నేళ్లు మన ఇంట్లో ఉంటుందన్న దాన్ని బట్టి తేల్చాలన్నది నా అభిప్రాయం, ఆ లెక్కన దీనికి పూర్తి మార్కులు వేస్తాను. అయితే దీని చీటీ మీద ధర తప్ప మరేమీ లేదు. వాడిన రంగులేవి, నూలు ఎక్కడిది అని అడిగితే కౌంటరులో ఉన్నవారు చెప్పలేకపోయారు. తువ్వాళ్లు, వేప సబ్బు కూడా బాగున్నాయి. రొట్టెలు మామూలు బేకరీ రొట్టెల్లాగే ఉన్నాయి.

ఆకుకూరల కోసం పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కేసరికి అయిపోతాయి. తోటకూర, పాలకూర, గోంగూర కట్టలను ప్లాస్టిక్ పట్టీతో కాకుండా అరటినారతో కడుతున్నారు. ఇవి జైలు వ్యవసాయ క్షేత్రంలో పండినవి. సత్ప్రవర్తన కలిగిన ఖైదీలను ఎత్తైన గోడలు లేని చోట ఉంచి పొలం పనులు అప్పగించే పద్ధతి మనకు పాతదే: హైదరాబాద్ శివార్లలోని చర్లపల్లి వ్యవసాయ కాలనీ, 1965లో మొదలైన అనంతపురం దగ్గరి రెడ్డిపల్లి ఓపెన్ ఎయిర్ జైలు తెలుగువారికి పరిచయమైన పేర్లు. అటువంటి పొలంలో పండినది జైలు వంటశాలకు చేరి, వంటశాలలో మిగిలిన తొక్కలూ కాడలూ తిరిగి పొలానికి ఎరువుగా చేరితే, లారీల్లో తిరగవలసిన బరువు చాలావరకు తగ్గిపోతుంది. ఈ దుకాణంలో అమ్మే వానపాముల ఎరువు ఆ క్రమంలో పుట్టినదే. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉంది. కుండీల్లోని మిరప మొక్కలకు వేశాక వాటి తేడా నాకు స్పష్టంగా కనిపించింది. కానీ సంచి అడుగున పాల ప్యాకెట్ ముక్క ఒకటి, పలచని కవరు పీలికలు కొన్ని కనిపించాయి. వంటశాల దగ్గరే తడి, పొడి చెత్తను పూర్తిగా వేరుచేయడం లేదనడానికి అవి గుర్తులు. ఎరువులో కలిసిన ప్లాస్టిక్ నా కుండీలో ఎలా మిగిలిపోతుందో, జైలు పొలంలోనూ అలాగే మిగిలిపోతుంది కనుక దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయలేను.

దుకాణంలో కనిపించని విషయాలు వంటశాల పొయ్యి, మరుగుదొడ్లు. ఈ రెంటినీ కలిపి ఆలోచించిన దేశం రువాండా. అక్కడ కిగాలీ సాంకేతిక విద్యాసంస్థ 2001 నుంచి జైళ్లలో మానవ వ్యర్థాలతో బయోగ్యాస్ ప్లాంట్లు కట్టి, ఆ గ్యాసును వంటకు మళ్లించి, వంటచెరకు వాడకాన్ని దాదాపు సగానికి తగ్గించింది; అందుకు 2005లో, పర్యావరణహిత ఇంధన ప్రయత్నాలకు బ్రిటన్‌లో ఇచ్చే యాష్‌డెన్ అవార్డు అందుకుంది. మిగిలిన ద్రవం పొలాలకు పోతుంది. మన జైళ్లలో దీని అవసరం అంతకంటే తక్కువేమీ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో వంద మంది ఉండవలసిన చోట 131 మంది ఉన్నారు. వంద మందికి వేసిన గొట్టాల మీద, సెప్టిక్ ట్యాంకుల మీద ఆ అదనపు ముప్పై ఒక్క మంది భారం పడినప్పుడు మురుగు ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. రద్దీ తగ్గించకుండా గోడల వెంట మొక్కలు నాటినంత మాత్రాన ఏ జైలూ పచ్చబడదు.

కూలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అదే లెక్క ప్రకారం జైళ్లలో ఉన్నవారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. వారిని పనికి బలవంతపెట్టే అధికారం ఎవరికీ లేదు. పొలంలోనూ మగ్గం మీదా పనిచేసేది ప్రధానంగా శిక్ష పడినవారే. వారికి న్యాయమైన వేతనం చెల్లించాలని సుప్రీంకోర్టు 1998లోనే గుజరాత్ కేసులో స్పష్టంగా చెప్పింది. జంపఖానా చవకగా దొరకడానికి కారణం దళారీ లేకపోవడమైతే నాకు సంతోషమే. నేసినవాడికి తక్కువ ముట్టడమైతే ఆ చవక నాకు వద్దు. రెండింటిలో ఏది నిజమో కొనేవారికి తెలియాలంటే, ధర చీటీ మీదనే నేతగాడి రోజు కూలి, నూలు, రంగు వివరాలు నాలుగు పంక్తుల్లో ముద్రించాలి. దీనికి ఖర్చేమీ కాదు, వివరాలన్నీ లోపలి రిజిస్టర్లలో ఉండే ఉంటాయి.

వెళ్లదలచినవారు చేతిసంచి తీసుకెళ్లండి, కౌంటరులో ఇచ్చే కవరు పలచని ప్లాస్టిక్‌ది. జంపఖానా, తువ్వాలు, వేప సబ్బు, ఆకుకూరలు నిశ్చింతగా కొనవచ్చు. ఎరువును జల్లెడ పట్టి వాడండి. ఫినాయిల్ నాణ్యతకు వంక లేదు గాని, ఖాళీ డబ్బా తీసుకెళితే మళ్లీ నింపి ఇవ్వడం లేదు, ప్రతిసారీ కొత్త ప్లాస్టిక్ డబ్బా కొనవలసిందే. నింపి ఇచ్చే ఏర్పాటు చేయమని అక్కడి సూచనల పుస్తకంలో రాసి వచ్చాను. అది జరిగేవరకు ఫినాయిల్ ఒక్కటి అక్కడ కొనను.