హోటల్ గదికి అడ్వాన్సు: యూపీఐనా, కార్డా, వెళ్ళాక కట్టడమా? ఏది మేలు?

అరకులో కాటేజీ దొరికింది. ఫొటోలు బాగున్నాయి, సీజన్‌కు రేటు మరీ అనుమానం వచ్చేంత తక్కువ కూడా కాదు. వాట్సాప్‌లో మనిషి అడిగినదానికల్లా చక్కటి తెలుగులో జవాబిస్తున్నాడు. సగం అడ్వాన్సు పంపితే గది మీదే అంటున్నాడు. ఇతను అసలా, నకిలీనా అని తేల్చుకోవడం మీదే అందరి దృష్టీ ఉంటుంది. డబ్బు ఏ దారిన పంపాలన్నది దానికంటే ముఖ్యం. ఎందుకంటే మొదటిది తేల్చడం రోజురోజుకీ కష్టమైపోతోంది.

ఇదివరకు దొంగ ప్రకటనను రెండు విషయాలు పట్టించేవి. ఒకటి, అతుకుల బొంత లాంటి భాష. రెండోది, ఎత్తుకొచ్చిన ఫొటో. గూగుల్ లెన్స్‌లో పెడితే అసలు హోటల్ ఏ గోవాలోనో బయటపడేది. ఇప్పుడు భాష సంగతి చాట్‌బాట్ చూసుకుంటోంది. ఫొటోను ఏఐతో అప్పటికప్పుడు పుట్టిస్తే లెన్స్‌కు దొరకడానికి అసలంటూ ఏదీ ఉండదు. "ఇంకెక్కడా కనబడలేదు, అంటే వాళ్ళ సొంత ఫొటోనే" అనుకోవడం ఇప్పుడు తప్పుడు లెక్క.

2025లో మలేషియాలో ఒక వృద్ధ దంపతులు కౌలాలంపూర్ నుంచి పేరాక్ రాష్ట్రంలోని ఒక ఊరికి కేబుల్ కార్ ఎక్కుదామని వెళ్ళారు. అక్కడ కేబుల్ కార్ లేదు. వాళ్ళు చూసిన వీడియోలో టీవీ యాంకర్, పర్యాటకులు, కొండలు, అన్నీ ఏఐ సృష్టే. ఏఐతో వీడియోలు పుట్టించే గూగుల్ వారి వియో లోగో వీడియో మూలన ఉండనే ఉంది. కొండలు చూసేవాళ్ళు మూలన లోగో ఎక్కడ చూస్తారు?

కంటితో చేసే పరీక్షల్లో ఇంకా కొంత పనికొచ్చేది వీడియో కాల్ ఒక్కటే. అదీ వాళ్ళు చూపించింది చూడటం కాదు, మనం అడిగింది చూపించమనడం: "రిసెప్షన్ నుంచి రోడ్డు మీదకు నడిచి బోర్డు చూపించండి, ఎదురుగా ఏ షాపు ఉందో చూపించండి." తర్వాత దాన్ని మ్యాప్‌లో వీధి ఫొటోలతో సరిచూడండి. నెట్ లేదు, మేనేజర్ ఊళ్ళో లేడు అని రెండుసార్లు దాటవేస్తే అక్కడితో వదిలేయడం నయం.

యూపీఐ

వేగంలో దీన్ని మించింది లేదు, చిక్కు కూడా ఆ వేగంలోనే ఉంది. మీ చేత్తో మీరు పిన్ కొట్టారంటే బ్యాంకు దృష్టిలో అది మీరు ఒప్పుకుని చేసిన చెల్లింపు. అనధికార లావాదేవీల్లో ఖాతాదారుకు రక్షణ ఇచ్చే 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇక్కడ పెద్దగా ఆదుకోవు. వెళ్ళిన డబ్బు అద్దెకు తీసుకున్న ఎవరి ఖాతాలోనో పడి, అక్కడి నుంచి మరో నాలుగు ఖాతాలకు చీలిపోతుంది.

అయినా యూపీఐని పూర్తిగా తీసిపారేయలేం. పిన్ కొట్టేముందు తెరమీద కనిపించే పేరు బ్యాంకు రికార్డులోని పేరే అయ్యుండాలని 2025 జూన్ 30 నుంచి నిబంధన ఉంది. కాటేజీ పేరు ఒకటి, తెరమీద ఇంకో రాష్ట్రపు వ్యక్తి పేరు ఉంటే ఆగండి. చిన్న లాడ్జీల యజమానులు సొంత ఖాతాలోనే డబ్బు తీసుకుంటారు కాబట్టి వ్యక్తి పేరు కనిపించినంత మాత్రాన మోసమనీ కాదు. యజమాని పేరు ముందే అడిగి, తెరమీది పేరుతో పోల్చుకోండి. ఇంకో చిట్కా: రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుని ఉంటే దానితో కట్టి చూడండి. ఆ దారిలో డబ్బు వ్యాపారి ఖాతాకే వెళుతుంది, వ్యక్తి ఖాతాకు వెళ్ళదు.

"పొరపాటున ఎక్కువ పంపారు, రీఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

క్రెడిట్ కార్డు

తెలియని చోట పెద్ద మొత్తం కట్టాల్సి వస్తే నా ఓటు దీనికే. పోయేది ముందుగా బ్యాంకు డబ్బు, పైగా కట్టినది వెనక్కి ఇప్పించమని బ్యాంకును అడిగే ఛార్జ్‌బ్యాక్ అనే హక్కు ఉంది. సేవ అందలేదన్న ఫిర్యాదుకు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కులు మామూలుగా 120 రోజుల గడువిస్తాయి. బ్యాంకుకు మాత్రం తెలిసిన రోజే రాయండి.

చాలామంది ఓడిపోయేది ఫారం నింపడంలో. "ఈ లావాదేవీ నేను చేయలేదు" అని టిక్ పెడతారు. ఓటీపీ కొట్టిన రికార్డు ఉంటుంది కాబట్టి బ్యాంకు కొట్టేస్తుంది. రాయాల్సింది "చెల్లించింది నేనే, సేవ అందలేదు" అని. బుకింగ్ తేదీ, చాట్ స్క్రీన్‌షాట్లు, ఆ చిరునామాలో అలాంటి హోటల్ లేదనడానికి ఆధారం జతచేయాలి.

దీనికీ ఒక లొసుగుంది. నకిలీ సైటు మీ కార్డు వివరాలు, ఓటీపీ పట్టుకుని వాటితో ఇంకెక్కడో గిఫ్ట్ కార్డులు కొంటే ఆ అమ్మిన కంపెనీ తన సేవ తాను అందించినట్టే లెక్క. అప్పుడు ఛార్జ్‌బ్యాక్ నిలబడటం కష్టం. అందుకే ఓటీపీ మెసేజీలో ఆరు అంకెలే కాకుండా మొత్తం చదవండి. ఎంత, ఎవరికి అన్నది సాధారణంగా అందులోనే ఉంటుంది. గది బుక్ చేస్తుంటే వ్యాలెట్ పేరో, ఏ ఆన్‌లైన్ షాపు పేరో కనిపిస్తే ఆ ఓటీపీ వాడొద్దు. విదేశీ సైట్లు చాలావాటికి ఓటీపీ అడ్డే ఉండదు. అంతర్జాతీయ చెల్లింపులను బ్యాంకు యాప్‌లో ఆపి ఉంచి, అవసరమైన రోజే తెరవండి.

డెబిట్ కార్డుకూ ఛార్జ్‌బ్యాక్ ఉంది కానీ వివాదం తేలేదాకా ఖాళీ అయ్యేది మన సేవింగ్స్ ఖాతా. క్రెడిట్ కార్డు ఉండగా దీని జోలికి వెళ్ళనవసరం లేదు.

వెళ్ళాక కట్టడం

ముందు ఏమీ కట్టకపోతే పోయేదేమీ ఉండదు. పండగ సీజన్‌లో ఇలా ఒప్పుకునేవాళ్ళు తక్కువ, ఒప్పుకున్నా గది నిలిపి ఉంచుతారన్న నమ్మకమూ తక్కువే. మోసం ఇక్కడ ఇంకో వైపు నుంచి వస్తుంది. బుకింగ్.కామ్ లాంటి వేదికల్లో హోటళ్ళ లాగిన్‌లు దొంగిలించి, యాప్‌లోని చాట్ నుంచే అతిథులకు మెసేజీలు పంపిన కేసులు 2023 నుంచి చాలా బయటపడ్డాయి. మీ పేరు, తేదీలు, బుకింగ్ నెంబరు అన్నీ సరిగ్గా ఉంటాయి. "24 గంటల్లో కార్డు ధ్రువీకరించకపోతే బుకింగ్ రద్దు" అంటూ లింకు వస్తుంది. యాప్ లోపల వచ్చింది కదా అని నొక్కొద్దు. యాప్‌లో "నా బుకింగ్స్" తెరవండి. కట్టాల్సింది నిజంగా ఉంటే అక్కడ కనిపిస్తుంది. బుకింగ్ రసీదని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపితే తెరవనే వద్దు. రసీదు పీడీఎఫ్‌గా వస్తుంది, యాప్‌గా రాదు.

ఫోన్ చేసి కనుక్కుందామన్నా నెంబరు ఎక్కడిదన్నది చూడాలి. మ్యాప్‌లోని నెంబర్లను బయటివాళ్ళు మార్పించగలరు. అమెరికాలో గూగుల్ ఏఐ సారాంశం చూపించిన నకిలీ క్రూయిజ్ నెంబరుకు ఫోన్ చేసి కార్డు వివరాలు చెప్పుకున్న సంఘటన 2025లో వార్తల్లోకెక్కింది. చాట్‌బాట్‌ను అడిగి ఊరి వివరాలు తెలుసుకోండి, నెంబరు మాత్రం దాన్ని అడగొద్దు.

తిరుమల, కేదార్‌నాథ్ సంగతి వేరు

ఇక్కడ అధికారిక దారి తప్ప ఇంకేదీ పోల్చడానికే నిలవదు. తిరుమల దర్శనం టికెట్లకూ, కొండమీది టీటీడీ గదులకూ ఏపీ.జీవోవీ.ఇన్ తో ముగిసే టీటీడీ సైటు, లేదా టీటీడీ యాప్. కేదార్‌నాథ్ హెలికాప్టర్‌కు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైటు, అదీ చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ అయ్యాకే. కేదార్‌నాథ్, చార్‌ధామ్ బుకింగ్‌ల పేరుతో నడిచే నకిలీ సైట్ల గురించి కేంద్ర హోం శాఖ సైబర్ విభాగం ఐ4సీ 2025 ఏప్రిల్‌లో హెచ్చరిక ఇచ్చింది. "రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, టికెట్ నేను చూసుకుంటా" అన్నవాడి దగ్గర టికెట్ ఉండదు.

సైటు చిరునామాలో https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న చివరి భాగం చూడండి. "టీటీడీ.ఏపీ.జీవోవీ.ఇన్.రూమ్స్‌బుక్.కామ్" అని ఉంటే అది ప్రభుత్వానిది కాదు, రూమ్స్‌బుక్.కామ్ అనేవాడిది. ముందు ఎన్ని జీవోవీలు తగిలించుకున్నా అంతే. అసలు సైటు అని తేలాక యూపీఐతో కట్టినా ఇబ్బంది లేదు.

మళ్ళీ అరకు కాటేజీకి వస్తే: క్రెడిట్ కార్డు తీసుకునే సైటు లేదా యాప్ ఉంటే వంద, రెండొందలు ఎక్కువైనా అదే మేలు. యూపీఐ మాత్రమే అంటే వీడియో కాల్, పేరు సరిచూడటం అయ్యాక, పోయినా ఓర్చుకోగల మొత్తం వరకే పంపండి. సగం కాదు. మిగతాది తాళంచెవి చేతికొచ్చాక ఇవ్వండి.

డబ్బు పోయిందని తెలిశాక: బ్యాంకా, స్టేషనా, 1930నా?

ముందు 1930, అంటే సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. డబ్బు అవతలి ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే ఆ మేరకు ఆపించగలిగే వ్యవస్థ అక్కడుంది, గంటలు గడిచేకొద్దీ మిగిలేది తగ్గిపోతుంది. యూపీఐ రసీదులోని 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నెంబరు, సమయం, మొత్తం, మీ బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. వెంటనే బ్యాంకుకూ చెప్పి, ఆ తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేయండి. కోపంతో చాట్ డిలీట్ చేయొద్దు, ఆధారం అదే. రెండు మూడు రోజులకు "మీ డబ్బు తిప్పి ఇప్పిస్తాం, ఫైలు ఛార్జీ కట్టండి" అని ఇంకో ఫోన్ రావచ్చు. పోలీసులు గానీ బ్యాంకు గానీ అలాంటి ఛార్జీ అడగరు.